నమ్రత బిగించిన ఇంజన్

ట్రాయ్‌లో మనవాళ్ళ పిల్లల సైన్స్ ప్రాజెక్టులు పిల్లలు చెయ్యరు. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పగలంతా కార్ల కంపెనీల్లో బ్రేకులకీ బంపర్లకీ డిజైన్లు గీసే తండ్రులు సాయంత్రం ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ మీద అట్టముక్కలూ గ్లూ గన్నూ పరుచుకుని కూర్చుంటారు. పిల్లలు పక్క గదిలో టీవీ చూస్తుంటారు. మర్నాడు స్కూల్లో ఆ పిల్లలే వరసగా నిలబడి బహుమతులు పుచ్చుకుంటారు, తల్లులు ఫొటోలు తీస్తారు. ఇందులో తప్పేముందని అడిగితే, ఊరంతా చేస్తుంటే మన పిల్ల ఒక్కతే వెనకబడాలా అని ఎదురడుగుతారు.

ఆంజనేయప్రసాద్ ఈ విద్యలో ఆరితేరినవాడు. కూతురు నమ్రత ఆరో తరగతిలో ఉండగా సోలార్ కుక్కర్ చేసిపెట్టాడు. ఎంత బాగా చేశాడంటే, ఆయన భార్య సుమతి అందులో నిజంగానే పప్పు ఉడికించింది. ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. అయితే ప్రైజ్ ఇచ్చేముందు జడ్జీగా వచ్చినావిడ, అద్దాన్ని ఇంత వాలులోనే ఎందుకు పెట్టావని నమ్రతని అడిగింది. నమ్రతకి తెలియదు. తండ్రి వైపు చూసింది. ఆయన గుంపులోంచి చేత్తో ఏదో సైగ చేస్తున్నాడు. ఆ సైగేమిటో అర్థంకాక పిల్ల అందరి ముందూ తెల్లమొహం వేసుకుని నిలబడింది. ఇంటికొచ్చి ఆ కప్పుని క్లాజెట్‌లో చెప్పుల వెనక్కి నెట్టేసింది. ఇకమీదట తన పనుల మీద చెయ్యి వెయ్యొద్దని తండ్రి దగ్గర మాట తీసుకుంది. చిన్నపిల్ల ముచ్చట కదా అని ఆయన నవ్వుతూ సరేనన్నాడు.

వాళ్ళ పక్కింట్లో నొవాక్ అని ఓ పెద్దాయన ఉండేవాడు. పాంటియాక్ ఊళ్ళో ఇంజన్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైనవాడు. భార్య పోయింది, కూతురు టొలీడోలో ఉంటుంది. చలికాలంలో ఆయన వాకిట్లో మంచు తీసిపెట్టేది నమ్రతే. ఆయన షెడ్డులో టార్పాలిన్ కింద, ఆ ఊరి పేరుతోనే అమ్మిన 1968 నాటి పాంటియాక్ కారు ఒకటి ఇరవై ఏళ్ళుగా పడుంది. మజిల్ కార్ అంటారు అలాంటిదాన్ని. చూడ్డానికి మామూలు రెండు తలుపుల కారే, బానెట్ ఎత్తితే మాత్రం లారీకి సరిపోయేంత ఇంజన్. ఆ ఇంజన్ ఫ్యాక్టరీలో తను పనిచేసిన లైన్ మీదే తయారైందనీ, దానిమీద చెక్కిన నంబరు తన పెళ్ళిరోజు కంటే బాగా గుర్తనీ ఆయన చెప్పేవాడు. ఆ పెళ్ళిరోజు మరిచిపోయి ఎన్ని తిట్లు తిన్నాడో కూడా చెప్పేవాడు.

2009 వేసవిలో నొవాక్ ఆ కారుని నమ్రతకి ఇచ్చేశాడు. ఆయన వేళ్ళు వాపులతో వంకర్లు పోయాయి, పానా తిరగడం లేదు. ఏమీ పుచ్చుకోకుండా మూడు చలికాలాలు మంచు తీసిన పిల్లకి కాకపోతే ఎవరికిస్తానన్నాడు. ఒక్క షరతు పెట్టాడు. నేను నోటితో చెప్తాను, నువ్వు చేత్తో చెయ్యి, ఇంజన్ విప్పిన చెయ్యే మళ్ళీ బిగించాలి అన్నాడు. పదిహేనేళ్ళ నమ్రత దానికి ఎగిరి గంతేసింది.

ప్రసాద్ ఆ వేసవిలో మనిషి మనిషిలో లేడు. నాలుగు నెలలు ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్నాడు. కార్ల కంపెనీలు దివాలా తీసిన ఆ ఏడు ట్రాయ్‌లో వీధి వీధికీ ఫర్ సేల్ బోర్డులే. తుప్పుపట్టిన బండి తన గరాజ్‌లోకి వచ్చి కూర్చుంటే ఆయనకి ఒళ్ళు మండింది. మన ఆడపిల్లలు డాన్సు నేర్చుకుంటారు, పాట నేర్చుకుంటారు, ఇదేం పిచ్చి అని తెలిసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మళ్ళీ ఉద్యోగం వచ్చాక ఎవరో ఆయన చెవిన వేశారు, కాలేజీవాళ్ళకి ఇలాంటివంటే మహా ఇష్టమని, డాన్సు చేసేవాళ్ళు వెయ్యిమంది ఉంటారు కానీ కారు బాగుచేసే ఆడపిల్ల ఒక్కతే ఉంటుందని. ఆ రోజునుంచీ ఆయన ఆ కారుని నెత్తిన పెట్టుకున్నాడు. పార్టీల్లో ‘మా అమ్మాయి ప్రాజెక్ట్’ అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

ప్రాజెక్ట్ అనే మాట వినపడగానే నమ్రతకి చెప్పుల వెనకున్న కప్పు గుర్తొచ్చేది. నాన్నా, నువ్వు దీన్ని టచ్ చెయ్యకూడదు అని మళ్ళీ మాట తీసుకుంది. ఒట్టు, చిటికెన వేలు కూడా పెట్టనన్నాడు ప్రసాద్.

రెండేళ్ళ పని అది. ఇంజన్‌ని పేగులతో సహా విప్పింది. బోల్టులన్నీ సుమతి దాచుకున్న పెరుగు డబ్బాల్లోకి వెళ్ళాయి. ఇంజన్ లోపల వాల్వుల్ని ఎత్తే లిఫ్టర్లని పదహారు బుడిపెలుంటాయి, ఏ గుంతలోంచి తీసింది ఆ గుంతలోకే తిరిగి వెళ్ళాలి, మారితే ఇంజన్ పాడవుతుంది. నొవాక్ గుడ్ల అట్ట తెచ్చుకోమంటే నమ్రత ఇంట్లోకెళ్ళి ఇడ్లీ స్టాండు పట్టుకొచ్చింది. నాలుగు ప్లేట్లు, ప్లేటుకి నాలుగు గుంతలు, లెక్క సరిపోయింది. రెండేళ్ళపాటు ఆ ఇంట్లో ఇడ్లీ అన్నమాట లేదు. సుమతి గొణుక్కుంది గానీ కొత్త స్టాండు కొనలేదు. అదే ఆవిడ ప్రోత్సాహం అనుకోవాలి.

బోల్టుని కొలత ప్రకారం బిగించాక దాని తల మీద రంగు గీత పెట్టమని నొవాక్ నేర్పాడు. గీత ఉంటే బిగించినట్టు, లేకపోతే లేనట్టు. నమ్రత అమ్మ నెయిల్ పాలిష్ వాడింది, మెరూన్ రంగుది. లోపలి బోల్టు ప్రతిదానిమీదా ఒక మెరూన్ గీత. మూత వేసేస్తే బయటికి ఏదీ కనపడదు, అయినా నమ్రతకి తెలుసు అవక్కడ ఉన్నాయని.

2011 వసంతంలో నొవాక్‌కి తుంటి ఎముక అరిగిపోయి, కూతురొచ్చి టొలీడో తీసుకెళ్ళిపోయింది. మిగిలిన పని ఫోన్ మీద నడిచింది. అక్టోబరు మూడోవారంలో ఇంజన్ కారులోకి ఎక్కింది. నమ్రత తాళం తిప్పింది. గరగరమని తిరిగింది తప్ప అంటుకోలేదు. ఒకసారి కార్బురేటర్లోంచి భుగ్గుమని మంట కొట్టింది. సుమతి లోపల్నుంచి కేక పెట్టింది. వారం రోజులు స్కూలునుంచి రాగానే గరాజ్‌లోనే, అన్నం కూడా అక్కడే. ఫోన్లో నొవాక్ మాత్రం తొణకలేదు. ఇంజన్‌లో ఏమీ ఉండదు, చిన్నదేదో తిరగబడి ఉంటుంది, ఒక్కొక్కటీ చూసుకుంటూ రా, తొందరేమిటి అన్నాడు.

తొందర నమ్రతకి లేదు, ప్రసాద్‌కి ఉంది. నవంబరు ఒకటిన ఆన్ ఆర్బర్ యూనివర్సిటీకి అప్లికేషన్ వెళ్ళాలి. ఎస్సే అంతా ఈ కారు గురించే. ‘నా రెండు చేతులతో’ అని మొదలవుతుంది. దానితోపాటు వీడియో పంపాలని ప్రసాద్ పట్టు. కారు స్టార్ట్ కాకపోతే ఆ ఎస్సే ఏం కాను? సరిగ్గా ఆ శుక్రవారం చికాగోలో సుమతి కజిన్ పెళ్ళి. నేను రానని నమ్రత మొండికేసింది. మూడు రోజులకి కారెక్కడికీ పోదు, అమ్మమ్మ తరఫువాళ్ళు ఏమనుకుంటారు అని సుమతి లాక్కెళ్ళింది. ప్రసాద్‌కి ఆఫీసులో పని ఉందట, రాలేదు.

సోమవారం సాయంత్రం గరాజ్‌లో ప్రసాద్ ఫోన్ కెమెరా పట్టుకుని నిలబడ్డాడు. ఇంకొక్కసారి ట్రై చెయ్యమ్మా అన్నాడు. పెళ్ళికెళ్ళేముందు నమ్రత ప్లగ్గులకి కొత్త వైర్లు వేసింది, వాటిమీదే ఆశ పెట్టుకుని తాళం తిప్పింది. ఇంజన్ ఒక్కసారికే అందుకుంది. గరాజ్ గోడలు అదిరాయి. నమ్రత స్టీరింగ్ మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ప్రసాద్ కళ్ళు కూడా తడిశాయి. ఆ కళ్ళనీళ్ళు దేనికో ఆయనే చెప్పాలి.

డిసెంబరులో సీటు వచ్చింది. వసంతంలో కారు రోడ్డెక్కింది. ఏ పార్టీకెళ్ళినా ప్రసాద్ ఆ వీడియో చూపించాడు.

ఆగస్టులో ఉడ్‌వర్డ్ రోడ్డు మీద పాతకార్ల ఊరేగింపు జరుగుతుంది. ఊళ్ళకి ఊళ్ళు కుర్చీలు వేసుకుని రోడ్డు పక్కన కూర్చుంటాయి. తుంటి ఆపరేషన్ అయి, కర్ర పట్టుకుని నడుస్తున్న నొవాక్ కూతురి కారులో వచ్చాడు. నమ్రత పరుగెత్తుకెళ్ళి ఆయన్ని వాటేసుకుంది. ఆయన కారు చుట్టూ తిరిగి పెయింట్ మెచ్చుకున్నాడు, సీట్లు మెచ్చుకున్నాడు, స్టార్ట్ చెయ్యమని చెప్పి కళ్ళు మూసుకుని విన్నాడు. తరవాత ఆపేసి బానెట్ ఎత్తమన్నాడు. వంగి, ఇంజన్ ముందుభాగంలో జిడ్డుని బొటనవేలితో తుడిచి, అక్కడ చెక్కిన నంబరు చదివాడు. రెండోసారి చదివాడు.

“ఇది నా ఇంజన్ కాదు,” అన్నాడు.

నమ్రత నవ్వింది. కళ్ళద్దాలు తుడుచుకోండి, మీరు పొరబడ్డారంది. నేనే బిగించాను, నాకు తెలియదా అంది. నొవాక్ జిడ్డు వేలిని రుమాలుకి తుడుచుకున్నాడు. “దాన్ని తీసి అమ్మేసుకున్నా నేనేమీ అనేవాణ్ణి కాదు. నాతో ఒక్కమాట చెప్పి ఉండాల్సింది,” అన్నాడు. అంతే, కర్ర పొడుచుకుంటూ వెళ్ళి కూతురి కారులో కూర్చున్నాడు. నమ్రత కిటికీ దగ్గరికి వెళ్ళి బతిమాలింది. ఆయన తల తిప్పలేదు.

ఇంటికొచ్చి గరాజ్ తలుపు దించుకుని నమ్రత ఇంజన్ మీది మూత విప్పింది. మూత తనదే, తను వేసిన నీలం రంగే. లోపల బోల్టు మీద బోల్టు చూసింది. ఎక్కడా మెరూన్ గీత లేదు. రెండో వైపు విప్పింది. అక్కడా లేదు. తన చెయ్యి పడని ఇంజన్‌ని పది నెలలుగా నాదీ నాదీ అంటూ తిప్పుతోంది.

చేతుల మసి కడుక్కోకుండానే వంటింట్లోకి వెళ్ళింది. ప్రసాద్ టీ తాగుతున్నాడు, సుమతి గిన్నెలు తోముతోంది. “నేను చేసిన ఇంజన్ ఎక్కడ ఉంది నాన్నా?” అని అడిగింది.

మొదట ఏం ఇంజనన్నాడు. తరవాత కూర్చో, చెప్తానన్నాడు. తరవాత చెప్పాడు. వాళ్ళు చికాగోలో ఉండగా, పాతది తీసుకుని అలాంటిదే తయారుచేసిన ఇంజన్ ఇచ్చే షాపు ఒకటి పట్టుకున్నాడు. ఫ్రెండ్ వీరభద్రాన్ని పిలిచి మార్పించాడు, పిల్ల కనిపెట్టకుండా పాతదాని నీలం మూతలే కొత్తదానికి పెట్టించాడు. పాతదాన్ని షాపువాడు పట్టుకెళ్ళి విప్పి ముక్కలు చేసుకున్నాడు. తను మాత్రం మాట తప్పలేదట, చిటికెన వేలు కూడా పెట్టలేదట, చేసిందంతా వీరభద్రమేనట. ఆ మాట ఆయన సిగ్గుపడకుండా అన్నాడు చూశారా, అక్కడ నమ్రతకి ఒళ్ళు కంపరమెత్తింది. తల్లి వైపు తిరిగింది. సుమతి తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది. పెళ్ళికి ఎందుకంత పట్టుబట్టి లాక్కెళ్ళిందో అప్పుడు అర్థమైంది.

“నీది స్టార్ట్ కాలేదు కదమ్మా,” అన్నాడు ప్రసాద్. “పనికిరాని ఇంజన్‌ని పట్టుకుని ఏం చేస్తాం? డెడ్‌లైన్ పీకల మీదికొచ్చింది. సీటు వచ్చిందా లేదా?”

“సీటు ఎవరికి వచ్చింది?” అంది నమ్రత. ఎస్సేలో ‘నా రెండు చేతులతో’ అని తను సంతకం పెట్టింది. తెలియకుండానే తనని అబద్ధాలకోరుని చేశాడు కన్నతండ్రి. నొవాక్ కళ్ళలో దొంగని చేశాడు. అదంతా చెప్పడానికి ఆ పిల్లకి తెలుగు చాలలేదు, ఇంగ్లీషులో చెప్పింది, చివరికి నా ఇంజన్ పనికిరానిదని నీకెవరు చెప్పారంది.

పిల్ల నమ్మడం లేదని ప్రసాద్ వీరభద్రానికి ఫోన్ చేశాడు. పాత ఇంజన్ పనికిరానిదని నువ్వే వచ్చి చెప్పు అన్నాడు. వీరభద్రం వరంగల్ మనిషి, ఇంజన్లు పరీక్షించే ల్యాబ్‌లో పని, రోజంతా ఇంజన్లు వినడమే ఉద్యోగం. నాలుగు వీధుల అవతలే ఇల్లు. పావుగంటలో వచ్చాడు. సుమతి టీ ఇస్తే పుచ్చుకోలేదు, కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. పది నెలలనుంచీ ఆయన ఈ ఇంటికి రావడమే మానేశాడు. పనెక్కువై రాలేదనుకున్నారందరూ.

“చెప్పు వీరభద్రం,” అన్నాడు ప్రసాద్.

వీరభద్రం నమ్రత వైపే చూశాడు. “నీ ఇంజన్ మంచిగనే ఉండె బిడ్డా,” అన్నాడు. “స్టార్ట్ అయింది.”

ప్రసాద్ ఏదో అనబోయాడు. వీరభద్రం చెయ్యి అడ్డం పెట్టాడు. తియ్యబోయేముందు ఒకసారి చూద్దామని ఆయన డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడట. ఏ సిలిండర్‌కి ఎప్పుడు నిప్పురవ్వ అందాలో పంచిపెట్టేది అదే. అది సగం చుట్టు తిరగబడి కూర్చుంది. మొదటిసారి ఇంజన్ కట్టిన ప్రతివాడూ చేసే పొరపాటే అది, ఒకప్పుడు తనూ చేశాడట. తీసి తిప్పి పెట్టాడు. ఒక్క తాళానికే అంటుకుంది. ఐదు నిమిషాలు నడిచింది. మొదట్లో లిఫ్టర్లు టకటకమన్నాయి. రెండేళ్ళు ఎండిపోయి ఉన్నాయి కదా, ఆయిల్ ఎక్కితే ఆగుతుందని ప్రసాద్‌కి చెప్పాడు. ఆగింది కూడా. ఉంచేద్దాం, పిల్ల వచ్చాక చెప్దాం అన్నాడు. ప్రసాద్ వినలేదు.

“మరి నువ్వెందుకు తీశావ్ అంకుల్?” అంది నమ్రత.

“అది నా తప్పు బిడ్డా,” అన్నాడు వీరభద్రం. “దోస్తు కదా అని తీసిన. తీయకపోయేది ఉండె.” ఇక నిలబడలేక చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ప్రసాద్ టేబుల్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. షాపువాడు ట్రక్కుతో వచ్చి బయట నిలబడ్డాడమ్మా అన్నాడు. శుక్రవారం నడిచింది, సోమవారం ఆగిపోతే ఏం చేసేది అన్నాడు. ఆ ఏడు ఉద్యోగం పోయినప్పటినుంచీ నాకు దేనిమీదా నమ్మకం లేదన్నాడు. “పదిహేడేళ్ళ పిల్ల కట్టిన ఇంజన్‌ని నమ్ముకుని నీ సీటు ఎలా పణంగా పెట్టను?” అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయనకే తెలిసింది ఏమన్నాడో. కూతురి మొహం వైపు చూడలేకపోయాడు.

నమ్రత ఏడవలేదు. రెండేళ్ళు ఆ గరాజ్‌లో తను ఒక్కటే కోరుకుంది, చేత్తో కట్టినదాన్ని చెవితో వినాలని. అది నడిచింది. తను చికాగోలో పట్టుపరికిణీ కట్టుకుని భోజనాల వరసలో నిలబడి ఉన్నప్పుడు నడిచింది.

“నువ్వు విన్నావా నాన్నా?” అని అడిగింది.

“విన్నానమ్మా,” అన్నాడు ప్రసాద్.

నమ్రత వెనకవైపు తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్ళి టొలీడోకి ఫోన్ చేసింది. మొదటిసారి నొవాక్ ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. మూడోసారి ఆయన కూతురు ఎత్తి, విసుక్కుంటూనే ఆయనకిచ్చింది. నమ్రత మొత్తం చెప్పింది, ఎక్కడా ఆగకుండా, ఎవరినీ వెనకేసుకు రాకుండా. నంబరు విషయంలో మీరే రైటని చెప్పింది. డిస్ట్రిబ్యూటర్ తిరగబడి పెట్టింది తనేనని చెప్పింది. ఇంజన్ ఇప్పుడు ఎక్కడా లేదని చెప్పింది.

“అయితే నడిచిందన్నమాట,” అన్నాడు నొవాక్. ఆయన గొంతులో కోపం పోయింది, అదే నమ్రతకి భరించలేనంత కష్టమైంది. “ఐదు నిమిషాలు నడిచిందా? చెప్పు పిల్లా, ఎలా ఉంది దాని చప్పుడు?”

నమ్రత వంటింటి కిటికీలోంచి లోపలికి చూసింది. ప్రసాద్ ఇంకా అక్కడే, అదే కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

“నేను వినలేదు,” అంది. “మా నాన్న విన్నాడు.”